చెయ్యి మరిగిన టీవీ

మా అత్తగారింట్లో ఎవరి మాట చెల్లుతుందో తెలుసుకోవడానికి పెద్దగా కష్టపడక్కరలేదు. సాయంత్రం ఎనిమిదింటికి టీవీ రిమోట్ ఎవరి దగ్గరుందో చూస్తే చాలు. నేను పెళ్లయి పాతబస్తీలోని జహనుమాకు వచ్చిన రోజున అది మా అత్తమ్మ సుశీలమ్మ బొడ్లో, తాళంచెవుల గుత్తి పక్కన ఉంది.

ఆ రిమోట్‌కు పాల కవరు తొడిగి, పైన రబ్బరు బ్యాండు వేసి ఉంచేది అత్తమ్మ. వెనక కొట్టం నిండా బర్రెలున్న ఇంట్లో పాల కవరు ఎక్కడిదా అని నేను ఆశ్చర్యపోయాను. తెల్లవారగానే పాలన్నీ వాడికె ఇళ్లకు పోసేసి, ఇంట్లో చాయకు మాత్రం కిరాణా కొట్టు నుంచి ప్యాకెట్ తెచ్చుకుంటారట.

"అమ్ముకునే పాలు మనమే తాగితే గది యాపారమెట్లయితది బిడ్డా?" అన్నాడు మా మామ సాయిలు.

ఆ టీవీ కూడా ఈ ఇంటికి తగ్గదే. ముందు నుంచి చూస్తే చిన్నగా ఉండేది, పక్క నుంచి చూస్తే ఈనడానికి సిద్ధంగా ఉన్న బర్రెలా ఉండేది. పైన పూల గుడ్డ, ఆ గుడ్డ మీద తల ఊపే బొమ్మ. టీవీలో ఎవరైనా గట్టిగా ఏడిస్తే బొమ్మ కూడా తల ఊపి ఓదార్చేది.

రిమోట్ మీద అంకెలన్నీ ఎప్పుడో అరిగిపోయాయి. ఏ బొత్తాం ఏమిటో అత్తమ్మ వేలికి తెలుసు. పని చేయకపోతే అరచేతిలో రెండు దెబ్బలు, అప్పటికీ వినకపోతే సెల్లులు తీసి పెరట్లో ఎండకు పెట్టడం. ఒక పక్క వడియాలు, ఒక పక్క సెల్లులు. రెండూ ఎండాక అత్తమ్మ లోపలికి తెచ్చేది.

తెల్లవారక ముందే లేచి పేడ తీయడం, పాలు పిండడం, క్యాన్లు కడగడం, మళ్లీ సాయంత్రం అదే పని. అత్తమ్మ వీపు గోడకు ఆనేది ఆ ఎనిమిదింటి సీరియల్ అప్పుడే. కాళ్లు చాపుకుని, "ఇగ ఎవ్వలు పిలిచినా నేను లేను" అనేది.

మామకూ ఒక బాధ ఉంది. ఆయన వయసులో ఉన్నప్పుడు తాలీంలో కుస్తీలు పట్టినవాడు. ఇప్పుడు పట్టలేడు గనుక పట్టేవాళ్లను చూడాలని కోరిక. కబడ్డీ ఆటలు సరిగ్గా ఎనిమిదింటికే మొదలయ్యేవి. పాపం, ఏ రోజు ఆటనూ ఆయన ఆ రోజు చూసినవాడు కాదు. మర్నాడు చాయ హోటల్లో స్నేహితుడు భిక్షపతి చెబితే వినాల్సిందే. ఈ భిక్షపతి లోకంలో దేనికైనా పాయింట్లు వేసేవాడు. ఇరానీ చాయకు వేసేవాడు, పెళ్లి భోజనాలకు వేసేవాడు. నేను మొదటిసారి ఆయనకు మంచినీళ్లు ఇస్తే, "కోడలికి రెండు పాయింట్లు" అన్నాడు. అందుకే ఆయన్ను అందరూ పాయింట్ల భిక్షపతి అనేవారు.

ఇలా ఉండగా ఒక సాయంత్రం సీరియల్లో అత్త కోడలిని కొట్టబోతుండగా టీవీలోంచి పొగ వచ్చింది. "కోపానికే కాలింది" అన్నాడు మామ. అత్తమ్మ మాత్రం కళ్లొత్తుకుని, పాత సామాన్లవాడు వచ్చినప్పుడు దానికి బొట్టుపెట్టి మరీ పంపింది.

మా ఆయన వేణుగోపాల్ కొత్త టీవీ తెచ్చాడు. గోడంత వెడల్పు, అప్పడమంత మందం. పూల గుడ్డ కప్పడానికీ, బొమ్మ పెట్టడానికీ దానికి నెత్తే లేదు. దాంతో పాటు రిమోట్లు మూడు. బిగించడానికి వచ్చిన కేబుల్ డానియేలు మూడింటినీ చాప మీద వరుసగా పేర్చి మాకు పాఠం చెప్పాడు.

"జర దిమాక్ పెట్టి వినుండ్రి. ఇది టీవీది, ఇది డబ్బాది, ఇది సౌండ్‌ది. ముందుగాల డబ్బాది ఒత్తాలె. ఎర్ర లైటు పచ్చగయినంక టీవీది ఒత్తాలె. నీలం తెర వస్తే పరేషాన్ గావద్దు, సోర్స్ అని ఉంటది, గదొత్తి కిందికి పోవాలె. మల్ల పైకి రావొద్దు, వస్తే మొదటికొస్తది."

"మరి సీరియల్ ఎప్పుడొస్తది?" అంది అత్తమ్మ.

"గివన్ని అయినంక, అమ్మా."

"గప్పటికి అయిపోతది గద నాయనా."

నేను ఊళ్లో చదివిన బడిలో ఎక్కాలు కూడా ఇంత కష్టంగా లేవు. అత్తమ్మ రిమోట్లను చూసింది. మామ అత్తమ్మను చూశాడు. ఆయన ముఖంలో అప్పుడొక వెలుగు వచ్చింది. డానియేలు వెళ్తుంటే, "ఆగు బేటా, మజ్జిగ తాగి పో" అని గల్లీ చివరిదాకా సాగనంపాడు. చాలాసేపటికి తిరిగి వచ్చాడు. వచ్చేటప్పుడు మీసం మెలేస్తున్నాడు.

ఆ సాయంత్రం ఎనిమిదింటికి మామ టీవీ ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"సుశీలా, గిది మామూలు టీవీ గాదు. మన గౌరి లెక్క. చెయ్యి మరుగుతది. మరిగిన చేతికి తప్ప ఇంకెవ్వలికి వినదు."

గౌరి మా కొట్టంలో అన్నిటికన్నా పెద్ద బర్రె. మామ కూర్చుంటేనే పాలు చేపుతుంది. వేరేవాళ్లు పొదుగు మీద చెయ్యి వేస్తే బకెట్టు అవతలి వీధిలో పడుతుంది.

"ఇది ఎవ్వల చెయ్యి మరిగింది?" అంది అత్తమ్మ.

"నాది."

"ఒక్క పూటకేనా?"

"కొందరి చెయ్యి గట్లుంటది."

మామ అటు తిరిగి, కండువా నెత్తిన కప్పుకుని, టీవీ రిమోట్‌ను మూతి దగ్గర పెట్టుకుని ఏదో గొణిగాడు. మంత్రం వేసినట్టు కనిపించింది. టీవీ టక్కున వెలిగింది. కబడ్డీ వచ్చింది.

డానియేలు మజ్జిగ తాగి చెప్పిన రహస్యమేమిటంటే, ఆ రిమోట్ మీద ఒక బొత్తాం ఉంది. అది ఒత్తి ఏది కావాలో నోటితో అడిగితే టీవీ అది పెడుతుంది. మూడు రిమోట్ల గొడవే లేదు. ఈ సంగతి నాకు చాలా రోజుల దాకా తెలియదు.

అత్తమ్మ "సరే, నీ చెయ్యే మరిగింది గద" అని లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. గోడకు ఆనాల్సిన సమయంలో ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతుంటే నాకు మనసు చివుక్కుమంది. వేణుతో చెబితే, "రిమోట్ ముచ్చట్ల నన్ను గుంజకు. వాళ్లిద్దరి నడుమ పోయినోడు బాగుపడలే" అన్నాడు.

మామ రాజ్యం ఆ ఒక్క రాత్రే సుఖంగా సాగింది.

మర్నాడు పొద్దున్నే కొట్టంలో ఆయన గౌరి దగ్గర కూర్చుని సగం పాలు పిండాడో లేదో, లోపలి నుంచి అత్తమ్మ కేక.

"ఏమయ్యో! భక్తి పాటలొచ్చే యాళ్లయింది. టీవీ పెట్టు!"

"పాలు పిండుతున్ననే!"

"నేనే పెట్టుకుందును. నీ చెయ్యి మరిగే!"

మామ చేతులు కండువాకు తుడుచుకుంటూ వచ్చి, అటు తిరిగి మంత్రం వేసి వెళ్లాడు. మధ్యలో లేచిపోయినందుకు గౌరి అలిగి మిగతా పాలు ఇవ్వలేదు.

మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే పక్కింటి సత్తెమ్మ వచ్చింది. "సాయిలన్నా, వంటల ప్రోగ్రాం వస్తది, జర పెట్టవూ?" పెట్టాడు. పడుకున్నాడు. "అన్నా, సౌండు తక్కువుంది." లేచాడు. పడుకున్నాడు. "అన్నా, ఎక్కువైంది."

సాయంత్రం చాయ హోటల్లో కూర్చుంటే ఫోను. "ఏమయ్యో, నీలం తెర వచ్చింది." సగం చాయ వదిలేసి స్కూటర్ మీద వచ్చేవాడు. ఆ సగం చాయ భిక్షపతి తాగి దానికి పాయింట్లు వేసేవాడు.

నేర్పిద్దామంటే గుట్టు పోతుంది. నేర్పకపోతే నడుం పోతుంది. మామ ఒకసారి రిమోట్ పాడైందన్నాడు. "అయితే డానియేలును పిలుస్త. అందరికి చెయ్యి మరిగేటట్టు చేయమంట" అంది అత్తమ్మ. వెంటనే రిమోట్ బాగైపోయింది.

ఒక మధ్యాహ్నం మామ దాణా కోసం మలక్‌పేట వైపు వెళ్లాడు. ఫోనెత్తలేదు. సత్తెమ్మ వచ్చి వంటల ప్రోగ్రాం కోసం ఎదురుచూసి విసిగిపోయింది.

"వదినా, అన్న లేనప్పుడు గౌరికి పాలెట్ల పిండుతవు?"

"ఆయన అంగి ఏసుకొని కూసుంట. వాసన జూసి ఆయనే అనుకుంటది."

"మరి గా అంగే టీవీకి గూడ ఏసుకోరాదు!"

అత్తమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. లోపలికి వెళ్లి, చీర మీదే మామ అంగీ తొడుక్కుని, నెత్తికి కండువా చుట్టుకుని వచ్చింది. టీవీ ముందు అటు తిరిగి కూర్చుని ఏదో గొణిగింది.

టీవీ వెలిగింది. వంకాయ కూర వచ్చింది.

సత్తెమ్మ రెండు చేతులూ జోడించింది. నేను మాత్రం పక్క నుంచి చూస్తున్నాను. పొడుగు చొక్కా చేతుల కింద అత్తమ్మ బొటనవేలు రిమోట్ మీద ఎక్కడ ఆనిందో కనబడింది. ఆమె గొణిగింది మంత్రం కాదు. "జర వంటలు పెట్టు నాయనా" అంది.

సత్తెమ్మ వెళ్లాక అడిగాను. "అత్తమ్మా, మీకు వచ్చు గదా!"

"రెండో నాడే వచ్చింది. మీ మామ గుసగుస అవతలి ఇంటికి వినపడతది." అంగీ విప్పి మడత పెడుతూ నవ్వింది. "సీరియల్ గూడ పొద్దుగాల ఆయన పాలు పోయబోయినంక జూస్తున్న. గిండ్ల ఎప్పుడడిగితే గప్పుడు పెడతది. మంచిదే పాపం, చెప్పిన మాట వింటది."

"మరి మామను ఎందుకు ఉరికిస్తున్నరు?"

అత్తమ్మ మడత పెట్టిన అంగీని మళ్లీ విప్పి మళ్లీ మడత పెట్టింది.

"లగ్గమైన కాడికెళ్లి నేను పిలిస్తే 'ఆ' అంటుండె గని, లేసొస్తుండెనా? బర్రె అరిస్తే ఉరుకుతుండె, నేను పిలిస్తే 'ఆ'. ఈ టీవీ వచ్చినంక పిలిస్తే వస్తుండు. వచ్చినోడు రెండు ముచ్చట్లు జెప్పి పోతుండు. నాకు వచ్చని తెలిస్తే మల్ల రాడు. నువ్వు జెప్పకు బిడ్డా."

నేను చెప్పలేదు. మాట్లాడకుండా ఉండడం నాకు కష్టమైన పని కాదు.

కబడ్డీ ఫైనల్ రోజు వచ్చింది. మామ చాయ హోటల్లో గొప్పలు పోయి స్నేహితులను ఇంటికి పిలిచాడు. "నా మాట తప్ప వినదు మన టీవీ. జూస్తే పరేషానైతరు." ఏడున్నరకే పాయింట్ల భిక్షపతి వచ్చాడు. వెనకే జహంగీర్ పహిల్వాన్. పేరు వింటే తలుపు పెద్దది చేయించాలేమో అనిపిస్తుంది గానీ, మనిషి ఇప్పుడు తలుపు సందులోంచి కూడా రాగలడు. మామా ఆయనా ఒకే తాలీంలో పెరిగారు. సీరియల్ అనుకుని సత్తెమ్మ కూడా వచ్చి కూర్చుంది.

"ఉత్త చాయతోని ఫైనల్ ఏంది?" అని మామ శాలిబండకు లుక్మీలు తేవడానికి స్కూటర్ తీశాడు. లుక్మీలంటే ఖీమా పెట్టిన సమోసాలు, నలుచదరంగా ఉంటాయి. మామ వాటి కోసం ఎంత దూరమైనా వెళ్తాడు. "ఎనిమిదింటికి ముందే వస్త. ఎవ్వలు ముట్టొద్దు దాన్ని."

ఎనిమిది కావొస్తోంది. మామ రాలేదు. జహంగీర్ చేతి గడియారం చూసుకున్నాడు. "భాభీ, శురూ అయితుండొచ్చు."

అత్తమ్మ కాసేపు తలుపు వైపు చూసింది. ఇంటికి వచ్చినవాళ్లను నల్ల తెర ముందు కూర్చోబెట్టడం ఆమెకు చేతకాదు. రిమోట్ తీసి, "కబడ్డీ పెట్టు నాయనా" అంది. వచ్చింది. భిక్షపతి నోరు తెరిచాడు.

"గిదేంది సుశీలమ్మా! సాయిలు మాట తప్ప వినదన్నడు?"

"మీరు జూసింది మీ కడుపుల్నే పెట్టుకోండ్రి. లుక్మీలొస్తున్నయి" అంది అత్తమ్మ. ఇద్దరూ తలలూపారు.

అప్పుడే ఫోను మోగింది. అత్తమ్మ స్పీకర్‌లో పెట్టింది. అవతలి నుంచి మర్ఫా డప్పుల దరువు, బాజాలు, హారన్లు, ఆ మధ్యలో మామ.

"సుశీలా! పెండ్లి బరాత్ అడ్డమొచ్చింది! గుర్రం కదులుతలే! వాళ్లొచ్చిన్రా?"

"వచ్చిన్రు. ఉత్త గోడ దిక్కు జూసుకుంట కూసున్నరు."

గోడ మీద మొదటి పాయింటు వచ్చింది. భిక్షపతి అరవబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇజ్జత్ పోతది! నేను జెప్తా, నువ్వు పెట్టు. టీవీ రిమోట్ తీసుకో. నడుమ గుండ్రం ఉంటది, దాని మీద చిన్న బొత్తం... దొరికిందా?"

"లే."

"పైన జూడు!"

"పైన నీ మొఖం లెక్క నల్లగుంది."

మామ పక్కన బరాత్‌లో ఎవరో సోర్స్ ఒత్తమని చెప్పమంటూ హిందీలో సలహా ఇస్తున్నారు. "చాచా, సోర్స్ దబానే బోలో!" ఇంకెవరో ప్లగ్గు తీసి మళ్లీ పెట్టమని, "నై నై, ప్లగ్ నికాల్‌కే లగాఓ!" అంటున్నారు. రోడ్డంతా మా టీవీని బాగు చేసే పనిలో పడింది.

"మెల్లగ ఒత్తి పట్టుకో!" మర్ఫా మోతకు మించి అరిచాడు మామ. "మూతి కాడ పెట్టి, కబడ్డీ పెట్టు అనాలె!"

"ఎవ్వలిని?"

"టీవీని!"

"అడిగితే ఇస్తదా? గంతేనా? మరి మంత్రం?"

అవతల బాజా మోత ఇంకా పెరిగింది.

"మంత్రం లేదు, తంత్రం లేదు. ఎవ్వలడిగినా పెడతది. నువ్వు అడుగు. వచ్చిందా?"

"రాలే."

జహంగీర్ నవ్వు ఆపుకోలేక తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

"మల్ల అడుగు! వచ్చిందా?"

"రాలే... ఆ, వచ్చినట్టే వచ్చి పోయింది."

సత్తెమ్మ నవ్వీ నవ్వీ గోడ మీద వాలిపోయింది. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నా వైపు తిరిగింది.

"తనూజా, గిప్పుడు గాదే. నువ్వు పుట్టకముందు ముచ్చట. గప్పుడు గల్లీ మొత్తంల వీళ్లింట్లనే టీవీ. వారానికొక్క సినిమా. గీ అర్రల మేమందరం ఒకల మీద ఒకలం కూసుంటుంటిమి, పాలకొచ్చినోళ్లు గూడ గిన్నె పక్కకు పెట్టి కూసునేది. ఒకనాడు పెండ్లి సినిమా. పిల్ల పీటల మీదికెళ్లి లేసి ఉరికింది, గంతలనే బొమ్మ పోయింది. మీ మామ కొట్టం రేకులెక్కి యాంటెన్నా పట్టుకున్నడు. 'వచ్చిందా?' అని పైకెళ్లి ఒకటే కేకలు. మీ అత్త కింద తలుపుల నిలబడి 'రాలే!' అంటది. వాన గూడ మొదలైంది. 'వచ్చిందా?' 'రాలే!' మేము లోపట సినిమా జూస్తున్నం! ఆయన పట్టుకున్నంతసేపు అద్దం లెక్క కనవడ్డది బొమ్మ. అయిపోయేదాంక దించలే మీ అత్త ఆయన్ని."

ఫోన్లోంచి మళ్లీ, "వచ్చిందా?"

"రాలే" అంది అత్తమ్మ.

ఆ "వచ్చిందా" ఈసారి ఫోన్లోంచీ వచ్చింది, వాకిట్లోంచీ వచ్చింది. మేమందరం వెనక్కి తిరిగాం.

మామ గుమ్మంలో ఉన్నాడు. స్కూటర్ ఎక్కడో వదిలేసి సందుల్లో పడి నడిచి వచ్చినట్టున్నాడు. ఒక చేతిలో నూనె కారుతున్న లుక్మీల పొట్లం, ఇంకో చేతిలో చెవి దగ్గర ఫోను. ఎప్పటి నుంచి నిలబడ్డాడో తెలియదు. సత్తెమ్మ మాటలన్నీ విన్నాడని మాత్రం ముఖం చెబుతోంది.

టీవీలో ఒకడు "కబడ్డీ కబడ్డీ" అంటూ గీత దాటుతున్నాడు.

"ఎప్పుడొచ్చింది?" అన్నాడు మామ.

అత్తమ్మ ఫోను పక్కన పెట్టింది. "నువ్వు బరాత్‌ల ఉన్నప్పుడు."

"నీకు వచ్చా ఇది?"

"వచ్చు."

"ఎన్నొద్దుల సంది?"

"శానొద్దులైతుంది."

అయిపోయింది అనుకున్నాను. ఇక అత్తమ్మ పిలుస్తుంది, మామ కొట్టంలోంచి "ఆ" అంటాడు, అంతే. అత్తమ్మ కూడా అదే అనుకున్నట్టుంది, చేతిలోని రిమోట్‌ను చాప మీద మామ వైపు జరిపింది.

మామ దాన్ని చూడను కూడా చూడలేదు. లుక్మీల పొట్లం నా చేతికిచ్చాడు.

"గప్పుడు? నేను రేకుల మీద తడుసుకుంట నిలబడ్డప్పుడు?"

"గప్పుడా..." అత్తమ్మ కొంగు సవరించుకుంది. "నువ్వు ఎక్కి పట్టుకున్నవో లేదో, వచ్చింది."

"మరి రాలే అన్నవు గదనే!"

"వచ్చింది అంటే నువ్వు దిగుతవు. దిగితే పోతుండె. ఇంటినిండ మంది ఉండిరి. నేనేం జెయ్యాలె?"

జహంగీర్ ఇక ఆపుకోలేకపోయాడు. "సాయిలు భాయ్, కుస్తీల నిన్ను ఎవ్వడు పడగొట్టలే అనుకున్న!" భిక్షపతి, "సుశీలమ్మకు పది పాయింట్లు" అన్నాడు.

మామ కోసం ఎదురుగా పెట్టిన కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన అందులో కూర్చోలేదు. వచ్చి చాప మీద, అత్తమ్మ పక్కన, గోడకు ఆని కూర్చున్నాడు. కండువాతో చెమట తుడుచుకున్నాడు. కాసేపు టీవీ చూశాడు. ఆట హోరాహోరీగా ఉంది, రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. అయినా ఆయన కళ్లు టీవీ మీద ఉన్నట్టు లేవు.

"సుశీలా."

"ఏంది?"

"గా సినిమాల..." గొంతు తగ్గించాడు. "పిల్ల పీటల మీదికెళ్లి లేసి ఉరికింది గద. ఎటు పోయింది?"

అత్తమ్మ ఆయన వైపు తిరిగి చూసింది. "గిన్నేండ్ల సంది అడగలే?"

"పహిల్వాన్ని. పెండ్లి సినిమా ముచ్చట ఎట్ల అడగాలె?"

అత్తమ్మ కాళ్లు చాపుకుంది. "స్టేషన్‌కు ఉరికింది. ఆడ మేనబావ ఉంటడు. వాడు టికెట్ గూడ తీసుకోలే..."

"వానికేం పైసల్లేవా?"

"ముందుగాల విను."

"భాభీ, జర ఆహిస్తా" అన్నాడు జహంగీర్, కళ్లు టీవీ నుంచి తిప్పకుండా. అత్తమ్మ గొంతు తగ్గించింది. వినబడక మామ తల దగ్గరికి వంచాడు. నేను లుక్మీలు పళ్లెంలో పెట్టి తెచ్చాను. వాళ్లిద్దరూ తీసుకోలేదు. రైలు కదిలిందట. పిల్ల ఎక్కిందట, మేనబావ ఎక్కలేదట. మామ "అరె!" అన్నాడు.

అప్పుడే గది దద్దరిల్లింది. జహంగీర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. భిక్షపతి రెండు చేతులూ పైకెత్తాడు. మామ ఉలిక్కిపడి టీవీ వైపు తిరిగాడు. అక్కడ ఆటగాళ్లు ఒకరినొకరు ఎత్తుకుని తిరుగుతున్నారు.

"ఏమైందిరా? అయిపోయిందా? ఎవ్వలు గెలిచిన్రు?"

భిక్షపతి చెప్పబోయాడు. అత్తమ్మ మామ మోచేయి పట్టి ఇటు తిప్పింది.

"గదెటుపోతది, రేపు హోటల్ల జెప్తడు. నువ్విటు విను. ఇంక పెండ్లి గాలే."

మామ ఇటు తిరిగాడు.